పెళ్ళి, ఆస్తి, శాసనసభ

మా భీమవరంలో పెళ్ళిమాట ఎత్తితే వెంటనే వినబడేది పొలంమాట. వరిచేను అయినా, రొయ్యల చెరువు అయినా లెక్క ఎకరాలలోనే. వివాహ చట్టమంటే ప్రధానంగా ఆస్తి చట్టమేనని ఇక్కడి విద్యార్థులకు వేరే బోధించనక్కరలేదు. ఒకే లింగానికి చెందిన ఇద్దరి కాపురాన్ని రాజ్యం గుర్తించాలా అన్న ప్రశ్నను నేను ఈ దృష్టితోనే చూస్తాను.

వితంతు వివాహాన్ని చట్టబద్ధం చేసిన శాసనం 1856లో వచ్చింది. వీరేశలింగం రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించినది 1881 డిసెంబరు 11న. అంటే చట్టం ముందు వచ్చింది. పెళ్ళి పాతికేళ్ళకు వచ్చింది.

ఈనాడు వరుస తిరగబడింది. 377వ సెక్షను కింద ఇటువంటి సంబంధం నేరం కాకుండా పోయినది 2018 సెప్టెంబరులో. 2021 డిసెంబరులో హైదరాబాదువాసులైన ఇద్దరు పురుషులు బంధుమిత్రుల ఎదుట పెళ్ళి చేసికొన్నారు. గుర్తింపుకోసం సుప్రీంకోర్టుకు వెళ్ళారు. 2023 అక్టోబరు 17న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, అది చట్టసభల పని అని తేల్చింది.

చట్టసభ అంటే ఢిల్లీ ఒక్కటే కాదు. వివాహం, వారసత్వం రాజ్యాంగపు ఉమ్మడి జాబితాలో వున్నవి. కేంద్ర చట్టానికి భిన్నమైన శాసనం చేయదలచిన రాష్ట్రం రాష్ట్రపతి ఆమోదం పొందాలి. మద్రాసు శాసనసభ 1967లో పురోహితుడు లేని ఆత్మగౌరవ వివాహాలను చట్టబద్ధం చేసింది. అంతకుముందు జరిగిన వాటికీ ఆ గుర్తింపు ఇచ్చింది. ఆంధ్రప్రదేశ్ 1986లో ఉమ్మడి కుటుంబపు ఆస్తిలో కూతురికి పుట్టుకతోనే వాటా ఇచ్చింది. అప్పటికే పెళ్ళయిన కూతుళ్ళను విడిచిపెట్టిన లోపం దానిలో వున్నది. అయినా కేంద్రం ఆ దారికి రావటానికి 2005 దాకా పట్టింది.

పెళ్ళి భూస్వామ్య వ్యవస్థలో భాగమే కదా, దానిలోకి మరికొందరిని చేర్చటం దేనికని మన మిత్రులు కొందరు అడుగుతారు. పెళ్ళిని విమర్శించటం వేరు, దాని రక్షణ కొందరికి లేకుండా చేయటం వేరు. ఇద్దరూ కష్టపడి కట్టుకొన్న ఇల్లు ఒకరి పేరున వుండి, ఆ ఒకరు కన్నుమూస్తే, వారసులు రక్తసంబంధీకులే. రెండవవారు చట్టం కంటికి పరాయివారు. వీలునామా వ్రాసుకోవచ్చునంటారు. వకీలును పెట్టుకోగలవారికి అది సులువు. దినకూలీల మాట ఏమిటి?

కనుక ఇది కేవలం మనసులకు సంబంధించిన విషయం కాదు, శ్రమ ఫలితం ఎవరికి దక్కాలన్న విషయం. కూతురి వాటాకు కేంద్రంకన్నా ముందే చేయెత్తిన శాసనసభ మనది. ఈ వాటాకు ఎందుకు ఎత్తరని మన ప్రతినిధులను మనమే అడగాలి.