మసక పటములకు మెరుగు పెట్టు విద్య

తాండూరులో మా ఇంటి నడవగోడకు తాతగారి పెద్ద పటమొకటి ఉండెడిది. ఆయన బ్రతికియుండగా తీసిన ఫోటో ఒక్క పెండ్లి గుంపుది మాత్రమే. అందు ఆయన ముఖము కందిగింజంత. ఆయన గతించిన పిమ్మట దానిని పట్నమునకు కొనిపోయి ఒక స్టూడియోలో పెద్దది చేయించిరి. చట్రము కట్టి తెచ్చిన పటములో మీసము వెంట్రుక వెంట్రుకగా కనబడుచుండెను, కన్నులు మెరయుచుండెను. మా నాయనమ్మ చాలసేపు చూచి, "ఈయన ఎవరు బిడ్డా?" అని మా నాయనను అడిగినది. మసకగా ఉన్న పటమును స్పష్టముగా కనబడునట్లు చేయు విద్యను గూర్చి నేడు నేను చెప్పబూనుటకు ఆ ప్రశ్నయే కారణము.

1874లో వాడి నుండి సికింద్రాబాదునకు నైజాము రైలు నడచుటతో తాండూరు, వికారాబాదుల వారికి పట్నము దగ్గరయ్యెను. మరి పదునైదేండ్లు గడవకముందే సికింద్రాబాదులో లాలా దీనదయాళు స్టూడియో వెలసెను. ఆయన 1844లో మీరట్ సమీపమున సర్ధానాలో పుట్టి, రూర్కీలో ఇంజనీరింగు చదివినవాడు. వికారాబాదునకు ఎవరి పేరు వచ్చినదో ఆ వికారుల్ ఉమ్రా కట్టించిన ఫలక్‌నుమా మేడకు ఆయన తీసిన చిత్రములు నేటికిని నిలిచియున్నవి. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను ఆయనకు రాజా ముసవ్విర్ జంగు అను బిరుదమిచ్చెను. ముసవ్విర్ అనగా చిత్రకారుడు. కెమెరా పట్టినవానికి ఆ మాట తగునా అని కొందరికి తోచవచ్చును. ఆ కాలపు స్టూడియోల లోపలి గదిని ఎరిగినవారికి ఆ సందేహము కలుగదు.

1851లో ఆర్చరు అను ఆంగ్లేయుడు ప్రకటించిన పద్ధతిలో గాజుపలకపై కొలోడియను అను మందు పూసి, అది తడిగా ఉన్నప్పుడే చిత్రము తీయవలెను. ఆ పలక వెలుతురును మెల్లగా గ్రహించును. కూర్చున్నవాడు కొన్ని క్షణములు కదలక ఉండవలెను. అందుకై తల వెనుక ఇనుప ఊతకోలను నిలిపెడివారు. అయినను కనురెప్ప ఆగునా? బట్టలు, కుర్చీ చక్కగా వచ్చి కన్నులు మాత్రము మసకబారెడివి. తరువాత పొడిపలకలు వచ్చి ఈ చిక్కు తగ్గినదేగాని, చిన్న ముఖమును పెద్దది చేసినప్పుడు కలుగు మసక తగ్గలేదు.

దిద్దువాడు కిటికీ దగ్గర ఏటవాలు బల్లపై కూర్చుండును. బల్ల నడుమ గాజుపలకను అమర్చి, క్రింది అద్దముతో ఆకాశపు వెలుతురును దాని గుండ మీదికి మళ్లించును. ఆ పలకపై తెలుపు నలుపుగాను, నలుపు తెలుపుగాను ఉండును. కావున దానిపై పెన్సిలుతో చుక్క పెట్టినచో కాగితముపై అది తెల్లని చుక్క యగును. సన్నని కత్తితో పైపూతను గీరినచో నల్లని గీత యగును. నునుపైన పూతపై పెన్సిలు పట్టదు గనుక, డామరు అను గుగ్గిలపు జాతి బంకను టర్పెంటైనులో కరగించి ముందుగా రుద్దును. అటుపై కంటిపాపలో ఒక వెలుగుచుక్క, ముక్కు దూలముపై ఒక తెల్లని వరుస, రెప్ప అంచున ఒక గీరు. అంతటితో ముఖము నిద్రలేచినట్లగును. పెన్సిలు తప్పినచో తుడిచివేయవచ్చును. కత్తి తప్పినచో ఆ పలక అంతటితో సరి.

ఇందలి కిటుకు మన కంటిలోనే ఉన్నది. వెలుగునకు నీడకు నడుమ హద్దు ఎంత ఆకస్మికముగా ఉన్న, వస్తువు అంత స్పష్టమని కన్ను నమ్మును. దిద్దువాడు చేయునది ఆ హద్దును కరకు చేయుట. లేని వివరము దానివలన రాదు. తాండూరు నాపరాతిని నునుపు చేసినప్పుడు రాతిలోపలి రంగే పైకి తేలును. ఇచ్చట పైకి వచ్చునది దిద్దువాని ఊహ. నెగెటివును దిద్దు విద్యను జర్మనీ దేశస్థుడు హాన్ఫ్‌స్టెంగల్ 1855లో పారిసు ప్రదర్శనమున చూపెనని చెప్పుదురు. ఒకే మనిషి చిత్రములు రెండు, ఒకటి దిద్దినది, ఒకటి దిద్దనిది. జనులు విరగబడి చూచిరట. వారు ఏ చిత్రమును మెచ్చిరో వేరుగా చెప్పనేల!

ఆ తరువాత పెన్సిలు లేకయే ఈ పని చేయు ఉపాయమొకటి వచ్చెను. నెగెటివు నుండి కావలెననియే మసకగా ఒక పాజిటివును తీసి, రెంటిని జోడించి అచ్చు వేసినచో అంచులు తేటపడును. మసకతో మసకను దించుట! దీనిని అన్‌షార్పు మాస్కు అందురు. నేటి కంప్యూటరులోను అదే పేరు, అదే లెక్క. ఇది ఉన్న అంచునే ఎత్తి చూపునుగాని కొత్త కనుబొమను గీయదు. ఇప్పటి యంత్రములు కొన్ని అట్లు ఆగవు. వేలకొలది అన్యుల ముఖములను చూచి నేర్చుకొని, మసక ఉన్నచోట రెప్పవెంట్రుకలను తామే అల్లి పెట్టును. పట్నపు స్టూడియోలో ఒక మనిషి దినమంతయు కూర్చుండి చేసిన పనియే ఇది; వేగము మాత్రము హెచ్చు. ఇంటి పెద్దల పాత ఫోటోను దిద్దింపదలచువారు ముందు దానికి నకలు తీయించి, ఆ నకలునే ఇచ్చుట మేలు.

మా గుంపు ఫోటో ఇంకను పెట్టెలోనే ఉన్నది. నాయనమ్మ దానిని తన పట్టుచీర మడతలో దాచెడిది. భూతద్దము పెట్టి చూచిన ఆ కందిగింజంత ముఖములో కన్నులు తెలియవు. ఎడమ కనుబొమ కొంచెము పైకి లేచియున్నట్లు మాత్రము తెలియును. గోడమీది పటములో కనుబొమలు రెండును సమముగా ఉన్నవి.