మీ బీఎంఐ ‘నార్మల్’ అని ఎవరు డిసైడ్ చేశారు?

ఇవాళ ఒక చిన్న లెక్కతో మొదలుపెడదాం. ఎత్తు 170 సెంటీమీటర్లు, బరువు 68 కేజీలు. బరువుని ఎత్తు స్క్వేర్‌తో, అంటే మీటర్లలో, భాగిస్తే 23.5 వస్తుంది. అదే బీఎంఐ. 25 గీత పెట్టుకున్న యాప్ అయితే ‘నార్మల్’ అంటుంది. మన దేశపు డాక్టర్ల లెక్కలో మాత్రం ఇది అధిక బరువు. ఒకే మనిషికి రెండు జవాబులేంటి? చూద్దాం.

ఈ ఫార్ములా మూలం డాక్టర్ కాదు. అడాల్ఫ్ కెట్లే అని బెల్జియం దేశపు ఖగోళ, గణిత శాస్త్రవేత్త. ‘సగటు మనిషి’ ఎలా ఉంటాడో లెక్కగట్టాలన్నది ఆయన తపన. పెద్దవాళ్ల బరువు సుమారుగా ఎత్తు స్క్వేర్‌ని బట్టి ఉంటుందని 1835లో రాశాడు. ఆయన గురి గుండె జబ్బు మీద కాదు.

1972లో అమెరికా శాస్త్రవేత్త ఆన్సెల్ కీస్ ఐదు దేశాల మగవాళ్ల కొలతలతో దీన్ని పరీక్షించి, బాడీ మాస్ ఇండెక్స్ అని పేరు పెట్టాడు. అందులో జపాన్ ఉంది, ఇండియా లేదు. ఆడవాళ్లూ లేరు. తర్వాత ప్రపంచ ఆరోగ్య సంస్థ 25 దాటితే అధిక బరువు, 30 దాటితే ఊబకాయం అని గీతలు గీసింది.

ఇప్పుడు అసలు ట్విస్ట్. 2004లో లాన్సెట్ పత్రికలో ఇద్దరు డాక్టర్ల ఫొటో వచ్చింది. ఒకరు పుణేకి చెందిన యాజ్నిక్, ఇంకొకరు లండన్‌కి చెందిన యుడ్కిన్. బీఎంఐ ఇద్దరిదీ 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కి 9.1 శాతం, యాజ్నిక్‌కి 21.2 శాతం! బరువు మిషన్‌కి కండేదో, కొవ్వేదో తెలీదు కదా. మనవాళ్లు సన్నగా కనిపించినా పొట్ట దగ్గర కొవ్వు చేరుతుంది. దాంతో షుగర్, బీపీ, గుండె జబ్బు ముప్పు తక్కువ బరువులోనే మొదలవుతుంది.

2002లోనే సింగపూర్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు కూర్చున్నారు. ఆసియా అంతటికీ ఒకే గీత కుదరదని తేల్చారు, ఎందుకంటే ముప్పు మొదలయ్యే చోటు ఒక్కో జనంలో 22 నుంచి 25 దాకా మారుతోంది. పాత గీతలు ఉంచి, 23, 27.5 దగ్గర అదనంగా హెచ్చరికలు పెట్టారు. మన దేశపు నిపుణులు 2009లో ఇంకాస్త ముందుకెళ్లారు: 23 నుంచి అధిక బరువు, 25 నుంచి ఊబకాయం. నడుము చుట్టుకొలత మగవాళ్లకి 90, ఆడవాళ్లకి 80 సెంటీమీటర్ల లోపు ఉండాలన్నారు.

ఈ గీత ఎందుకంత ముఖ్యం? కోడ్‌లో ఒక ఇఫ్ కండిషన్ లాంటిది ఇది. 25 అని రాస్తే, 24 దగ్గరున్న మనిషిని టెస్ట్‌కి ఎవరూ పిలవరు. అందుకే అమెరికా డయాబెటిస్ అసోసియేషన్ 2015లో అక్కడి ఆసియావాళ్లకి దాన్ని 23కి దించింది. డాలస్‌లో ఉన్న మీ అన్నయ్యకీ అదే వర్తిస్తుంది.

23 దాటితే జబ్బు వచ్చేసినట్టు కాదు. ఒకసారి బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ చూపించుకోమని అర్థం. ఈ రోజే ఇంట్లో అమ్మానాన్నల నడుము టేపుతో కొలవండి, మీదీ కొలుచుకోండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం.