ఖరగ్‌పూర్ వైద్యుడి సాయంత్రం ఎవరిది?

ఖరగ్‌పూర్ అనగానే పొడవైన ప్లాట్‌ఫారం, ఐఐటీ గుర్తుకొస్తాయి. బెంగాల్ నాగపూర్ రైల్వే కార్ఖానాలో పని కోసం శ్రీకాకుళం, గంజాం ప్రాంతాల నుంచి తరలివెళ్లిన తెలుగు కుటుంబాలు అంతగా గుర్తుకు రావు. 1927లో అక్కడ ఉద్యోగాల కోతకు వ్యతిరేకంగా జరిగిన సమ్మె, ఆ రైల్వే కార్మికోద్యమంలో వి.వి. గిరి పాత్ర మన చరిత్రలో భాగమే. నాటి ప్రశ్న ఒక్కటే: రేపటి జీతానికి హామీ ఎవరిది?

ఆ కార్మికుడికి మందిచ్చే రైల్వే వైద్యుడి విషయంలోనూ ఇదే ప్రశ్న తలెత్తుతుంది. పూర్తికాలం జీతం తీసుకునే ప్రభుత్వ వైద్యులకు ప్రైవేటు ప్రాక్టీసు ఉండరాదని 1946లో భోర్ కమిటీ సిఫార్సు చేసింది. వదులుకున్న రాబడికి బదులుగా కేంద్ర ప్రభుత్వం, దానితోపాటు రైల్వే, తమ వైద్యులకు ఎన్‌పీఏ అనే భత్యం ఇస్తున్నాయి. ఏడవ వేతన సంఘం తర్వాత 2017 జులై నుంచి అది మూలవేతనంలో 20 శాతం. మూలవేతనం, భత్యం కలిపి 2,37,500 రూపాయలు దాటకూడదు. కరువు భత్యం, పింఛను లెక్కల్లోనూ అది జీతంగానే పరిగణన పొందుతుంది.

దీన్ని వైద్యులకు దక్కిన అదనపు సౌకర్యంగా చూసేవారున్నారు. నిజానికి అది ఒక కొనుగోలు. వైద్యుడి సాయంత్రాన్ని ప్రభుత్వం రోగి కోసం కొంటున్నది. ఆసుపత్రిలో చూడవలసిన రోగిని తన సొంత క్లినిక్కుకు రమ్మనే ప్రలోభం అక్కడ తెగిపోవాలన్నదే ఉద్దేశం.

హామీలన్నీ ఒక్కటి కావు. అమెరికాలో ఆసుపత్రి వైద్యుణ్ణి కొత్త ఊరికి రప్పించి, రాబడి తగ్గితే ఆ లోటు భరిస్తుంది. ఆయన అక్కడే కొన్నేళ్లు ఉంటే ఆ బాకీ మాఫీ అవుతుంది. అక్కడ కొంటున్నది ఊరిలో నివాసాన్ని. మన కార్పొరేట్ ఆసుపత్రుల్లో ‘ఎంజీ’ పేరిట కొంతకాలం కనీస మొత్తం ఇచ్చి, ఆపై ఫీజులో వాటాకు మారే ఒప్పందాలున్నాయి. గడువు దగ్గరపడేకొద్దీ వైద్యుడి చూపు రోగుల సంఖ్య వైపు మళ్లుతుంది.

ఇక రైల్వేలోనే కాంట్రాక్టు వైద్యులున్నారు. నెలకింతని ఏకమొత్తం, పరిమిత గడువు. ఒకే ఓపీలో పక్కపక్కన కూర్చున్న ఇద్దరిలో ఒకరికి పింఛను దాకా హామీ, మరొకరికి వచ్చే ఏడాదిపైనే అనుమానం. గడువుకు లోబడిన వైద్యుడు పై అధికారికి నచ్చని ఫిట్‌నెస్ నిర్ణయం ఎంత ధైర్యంగా రాయగలడు?

ఖరగ్‌పూర్ కార్మికులు 1927లో అడిగిన హామీ తమ పొట్టకోసం. వైద్యుడి హామీ మాత్రం ఎదుట కూర్చున్న రోగి కోసం కూడా. దానిని ఖర్చుగా లెక్కవేసే పాలకులు, ఆ కోత చివరకు ఎవరి మీద పడుతుందో కూడా లెక్క చెప్పాలి.