బి.కాం. (ఉస్మానియా విశ్వవిద్యాలయం)

1918లో హైదరాబాదులో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం పరిధిలోని కళాశాలల్లో నడిచే మూడేళ్ల వాణిజ్యశాస్త్ర డిగ్రీ. మొత్తం ఆరు సెమిస్టర్లు. ఇంటర్ పాసైనవారు ‘దోస్త్’ ఆన్‌లైన్ విధానంలో చేరతారు. జనరల్, కంప్యూటర్ అప్లికేషన్స్ వంటి విభాగాలున్నాయి.

చదువు ప్రధానంగా అకౌంటెన్సీ చుట్టూ తిరుగుతుంది. మొదట చిట్టా (జర్నల్), ఆవర్జా (లెడ్జర్), అంకణా (ట్రయల్ బ్యాలెన్స్). ఆ తర్వాత భాగస్వామ్య సంస్థల ఖాతాలు, కంపెనీ ఖాతాలు, కాస్ట్ అకౌంటింగ్, ఆదాయపు పన్ను, జీఎస్టీ, ఆడిటింగ్. 10,000 రూపాయల సరుకు అరువుకు కొంటే కొనుగోళ్ల ఖాతాకు డెబిట్, అమ్మినవారి ఖాతాకు క్రెడిట్ రాయాలి. ఇలా ప్రతి లావాదేవీనీ రెండు ఖాతాల్లో చూపించడమే జంటపద్దు విధానం. అంకణా రెండు వైపులా సరిపోయినంత మాత్రాన పుస్తకాల్లో తప్పుల్లేవని కాదు: అసలు చిట్టాకే ఎక్కని బిల్లును అది పట్టివ్వలేదు. విద్యార్థులు బట్టీ పట్టకుండా అర్థం చేసుకోవలసిన అతి ముఖ్యమైన పాఠం ఇదే. బిజినెస్ లా, గణాంకశాస్త్రం, మేనేజ్‌మెంట్ కూడా ఉంటాయి.

కనీసం 55 శాతం మార్కులతో బి.కాం. పూర్తిచేసినవారు సీఏ ఫౌండేషన్ పరీక్ష రాయకుండా నేరుగా సీఏ ఇంటర్మీడియట్‌లో చేరవచ్చు.