చిల్లుల పగడం

పగడం అనగానే మనకి నల్లపూసల మధ్య మెరిసే ఎర్రపూస గుర్తొస్తుంది. నేను చెప్పబోయేది దాని దూరపు చుట్టం సంగతి. వెచ్చని సముద్రాల్లో దిబ్బలు కట్టే తెల్ల పగడం. నగకి పనికిరాదు, ఒళ్ళంతా చిల్లులే! ఆ చిల్లులే దానికి గౌరవం తెచ్చాయి.

ఎముక చితికి కొంత ముక్క పోయిందనుకోండి. ఆ ఖాళీ పూడ్చడానికి డాక్టర్లు చాలాసార్లు రోగి తుంటి నుంచే కాస్త ఎముక తీస్తారు. ఒక గాయం మాన్పడానికి ఇంకో గాయమన్నమాట! కాలు బాగైనా తుంటి నొప్పి నెలల తరబడి వదలనివాళ్ళున్నారు. పోనీ, వేరే ఏదైనా పెడదామంటే, దాన్లోకి నెత్తురు నాళాలు పాకాలి, కణాలు కాపురం పెట్టాలి. అందుకు గదులుండాలి, గదికీ గదికీ గుమ్మాలుండాలి.

అమెరికాలో పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు 1972లో ఆ గదులు పగడంలో ఉన్నాయని గుర్తించారు. పోరైటిస్ అనే జాతిలో చిల్లు మిల్లీమీటరులో సుమారు అయిదో వంతు. ఎముక పెరగడానికి సరిపోయే కొలత! చిక్కల్లా పదార్థంతోనే. పగడం కాల్షియం కార్బొనేట్, కాలిస్తే సున్నమయ్యే సరుకు. ఎముకలోని ఖనిజమేమో కాల్షియం ఫాస్ఫేట్.

ఆ చిక్కు విప్పినావిడ అక్కడే సిమెంటు మీద పరిశోధనలు చేసే డెల్లా రాయ్. ఇంటిపేరు చూసి మనావిడే అనుకునేరు! ఆవిడ అమెరికన్. భర్త, శాస్త్రవేత్త రుస్తుం రాయ్ మాత్రం మన రాంచీలో పుట్టినవాడు. 1974లో ఆవిడా, సారి లినెహన్ కలిసి 'నేచర్' పత్రికలో ఆ పద్ధతి ప్రకటించారు. పగడం ముక్కని ఫాస్ఫేటు కలిపిన నీళ్ళలో వేసి, ప్రెషర్ కుక్కర్‌కి ఎన్నో రెట్లు ఒత్తిడిలో ఉడికించారు. కార్బొనేట్ బయటికి పోయి, ఫాస్ఫేట్ లోపలికొచ్చింది. చిల్లులు ఎక్కడివక్కడే ఉన్నాయి! ఇల్లు కూల్చకుండా ఒక్కో ఇటుకే మార్చినట్టు.

అలా తయారైన ముక్కల్ని ఎముకల ఖాళీల్లో వాడడానికి అమెరికా ప్రభుత్వం 1992లో అనుమతిచ్చింది. 1987లోనే డెల్లా రాయ్ అక్కడి నేషనల్ అకాడమీ ఆఫ్ ఇంజనీరింగ్‌కి ఎన్నికైంది. ఈ ముక్క పెళుసు సుమండీ! ఒంటి బరువు ఒక్కటే మోయలేదు, ప్లేట్లూ స్క్రూలూ తోడుండాలి. ఇవాళ పగడంతో పనిలేకుండా అలాంటి చిల్లుల పింగాణీని ప్రయోగశాలల్లోనే చేస్తున్నారు.

నాకు నచ్చిన సంగతి ఒకటుంది. ఆ ముక్క తనంత తాను ఎముకని కట్టదు. చోటిస్తుంది, అంతే. కట్టుకునేది రోగి ఒళ్ళే.