అమ్మ సంతకం వార్డెన్ పెట్టిన రోజులు

మన ఆడవాళ్ల ఒంటి మీద ఎవరి మాట చెల్లాలి అని గ్రూపులో చర్చ వచ్చినప్పుడల్లా ఎమర్జెన్సీ నాటి కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల దగ్గరే ఆగిపోతున్నాం. అంత వెనక్కి పోనక్కర్లేదు. 2009లో, మా అక్కల వయసు పిల్లలకు, మనలాంటి హాస్టళ్లలోనే జరిగిన సంగతి ఒకటుంది.

మేం ఏలూరు, తాడేపల్లిగూడెం హాస్టళ్లలో ఉండి చదువుకునేవాళ్లం. మాలో కొందరిది కుక్కునూరు, వేలేరుపాడు. 2014 దాకా అవి ఖమ్మం జిల్లాలోనివే, అందుకని వాళ్లకు భద్రాచలం కబుర్లు ఇంటి కబుర్లే. కొల్లేరు వైపు నుంచి వచ్చిన యానాది, ఎరుకల స్నేహితులకు మాత్రం ఇది కొత్త.

2009 జూలైలో అప్పటి ఖమ్మం జిల్లా భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా మొదలుపెట్టారు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసేది. పాత్ అనే అమెరికా సంస్థ, ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వం కలిసి నడిపిన ప్రాజెక్టు. డబ్బు గేట్స్ ఫౌండేషన్‌ది, టీకా కంపెనీ ఉచితంగా ఇచ్చింది. సుమారు 14 వేల మందికి వేశారు. వాళ్లలో ఆశ్రమ పాఠశాలల, హాస్టళ్ల పిల్లలు చాలామంది.

హాస్టళ్లే ఎందుకు? ఆరు నెలల్లో మూడు డోసులు పడాలి. ఊళ్లో అయితే పిల్ల ఒకరోజు ఉంటుంది, ఒకరోజు చేనుకి పోతుంది, ఏం సూది అని అమ్మ అడ్డం నిలబడి అడుగుతుంది. హాస్టల్లో అందరూ ఒక్కచోటే దొరుకుతారు, అడగడానికి అమ్మ ఉండదు. మాకు తోచింది ఇదే.

మరి తల్లిదండ్రుల సమ్మతి? వాళ్ల బదులు హెడ్మాస్టర్లు, వార్డెన్లు సంతకం పెట్టొచ్చని పైనుంచే సర్క్యులర్ వచ్చింది. తర్వాత చూసిన 9,543 పత్రాల్లో 2,763 వార్డెన్లు సంతకం చేసినవి, 1,948 వేలిముద్రలు. వేలిముద్ర వేసిన తల్లిని మేం తప్పు పట్టం. కాగితంలో ఏముందో ఎవరూ చదివి చెప్పకపోతే ఆ ముద్ర ఒప్పుకున్నట్టు ఎలా అవుతుంది? పిల్లల చేతికిచ్చిన టీకా కార్డులు కూడా ఇంగ్లీషులోనే ఉన్నాయి. కోయ ఇంట్లో తెలుగే రెండో భాష!

టీకా వేసుకున్న పిల్లల్లో ఐదుగురు ఖమ్మంలో చనిపోయారు. ఆ చావులకు టీకా కారణం కాదని ప్రభుత్వ విచారణ తేల్చింది. దాన్ని కాదనే చదువు మాకు లేదు. ఈ టీకా చాలా దేశాల్లో వేస్తున్నారు, వద్దని మేం అనట్లేదు. మా గొడవ అడక్కుండా వేసినందుకు.

దీన్ని ఆపింది ఆడవాళ్లే. 2009 అక్టోబర్లోనే మహిళా, ఆరోగ్య సంఘాలు కేంద్ర మంత్రికి రాశాయి. 2010 మార్చిలో సమ అనే ఢిల్లీ సంస్థ వాళ్లు భద్రాచలం వచ్చి పిల్లలతో, తల్లిదండ్రులతో మాట్లాడారు. ఏప్రిల్లో ప్రాజెక్టు ఆగింది. 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం తన 72వ నివేదికలో పాత్‌నీ, ఐసీఎంఆర్‌నీ గట్టిగానే తప్పుపట్టింది. కల్పనా మెహతా, నళినీ భానోత్, రుక్మిణీ రావు సుప్రీంకోర్టుకెళ్లారు. అలాంటి నివేదికను కోర్టు చూడొచ్చా లేదా అన్న వాదనే ఏళ్లు పట్టింది. చూడొచ్చని 2018 మే 9న రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది.

అప్పట్లో ఆ హాస్టళ్లలో ఉన్న అక్కలు ఇప్పుడు పాతికేళ్లు దాటి, పిల్లల తల్లులై ఉంటారు. మీ ఇళ్లలో ఎవరైనా ఉంటే, ఆ కార్డు ఇంకా దాచుకున్నారేమో అడగండి. వాళ్లు సరేనంటేనే, పేరు లేకుండా, ఇక్కడ రాయండి.