తాళాల గుత్తిలో దాగిన దేశం

మూస దర్శకుడికీ సృజనశీలికీ మధ్య గీత ఎక్కడుంది? పెట్టుబడిలోనా, సాంకేతికతలోనా, ఇతివృత్తంలోనా? నాటి తూర్పు పాకిస్థాన్ దర్శకుడు జహీర్ రైహాన్ జీవితం ఈ ప్రశ్నకు సూటిగా సమాధానం చెబుతుంది.

1964లో ఆయన ఉర్దూలో తీసిన 'సంగమ్' పాకిస్థాన్ తొలి పూర్తి రంగుల చిత్రం. మరుసటి ఏడాది 'బహానా'ను సినిమాస్కోప్‌లో తీశారు. 1966లో 'బెహులా' అనే జానపద చిత్రం అందించారు. మార్కెట్ నాడి, యంత్రాల మర్మం ఆయనకు బాగా తెలుసు. అయినా చరిత్రలో ఆయనను నిలిపింది ఆ రంగులు కావు, ఒక నలుపు తెలుపు చిత్రం.

1970 ఏప్రిల్‌లో విడుదలైన 'జీబన్ థేకే నేయా' పైకి మామూలు కుటుంబ కథ. ఇంటి తాళాల గుత్తిని గుప్పిట పెట్టుకున్న గయ్యాళి అక్క, ఆమెకు జడిసి దొంగచాటుగా పాడుకునే భర్త, ఎదురు చెప్పలేని తమ్ముళ్లు. మూస దర్శకుడి చేతిలో ఇది ఆడపడుచు, మరదళ్ల కొట్లాటగా ముగిసేది. రైహాన్ ఆ గుత్తిలో అయూబ్ ఖాన్ నియంతృత్వాన్ని చూపారు. ఇంటి గొడవ పక్కనే ఫిబ్రవరి 21 భాషా అమరుల స్మృతి ఊరేగింపును నిలిపారు. అనంతరం బంగ్లాదేశ్ జాతీయ గీతమైన 'అమార్ సోనార్ బంగ్లా'ను తెరపై పాడించారు.

ఇక్కడ కాలమే కీలకం. 1969లో అయూబ్ గద్దె దిగినా, యాహ్యా ఖాన్ సైనిక పాలన సాగుతూనే ఉంది. గుత్తి చేతులు మారిందే గానీ తలుపు తెరుచుకోలేదు. ఎన్నికలింకా జరగలేదు, బంగ్లాదేశ్ ఇంకా పుట్టలేదు. విముక్తి తరువాత నియంతను దూషించడం ఎవరికైనా సులువే. రైహాన్ ఆ పని ముందే చేశారు. 1952 భాషోద్యమంలో నిషేధాజ్ఞలు ధిక్కరించి అరెస్టయిన విద్యార్థుల్లో ఆయన ఒకరు. తెరపై చూపింది ఆయన బతికిన బతుకునే.

1971లో భారత్‌కు తరలి వచ్చి, సుమారు 20 నిమిషాల 'స్టాప్ జెనోసైడ్' తీశారు. అందులో తారలు లేరు, పాటలు లేవు. శరణార్థుల ముఖాలున్నాయి. విజయానికి రెండు రోజుల ముందు అపహరణకు గురైన సోదరుడు, రచయిత షహీదుల్లా కైసర్‌ను వెతుకుతూ 1972 జనవరి 30న ఢాకాలోని మీర్‌పూర్‌కు వెళ్లిన రైహాన్ తిరిగి రాలేదు.

పాలకులు వినగోరే కథలు చెప్పే చిత్రాలకు దక్షిణాసియాలో నేటికీ కొరత లేదు. సాంకేతికతలో అవి 'సంగమ్'ను ఎప్పుడో దాటిపోయాయి. వాటి విలువ తేల్చడానికి ఒక్క ప్రశ్న చాలు: తాళాల గుత్తి పట్టుకున్నవారి పక్కన నిలబడి తీశారా, తలుపు వెనుక చిక్కుకున్నవారి పక్కన నిలబడి తీశారా?